సముద్రం దగ్గర ఇంటికి తుప్పు: గ్రిల్ కంటే ముందు స్లాబు సంగతి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న పూర్తిగా చదివాను. అల్లూరు దగ్గర, సముద్రానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఇల్లు. కట్టి పన్నెండేళ్లయింది. కిటికీ గ్రిల్స్‌కి రెండేళ్లకోసారి పెయింట్ వేయిస్తున్నా తుప్పు ఆగడం లేదన్నావు. మెట్లకు పెట్టించిన స్టెయిన్‌లెస్ రెయిలింగ్ మీద టీ రంగు మచ్చలు వస్తున్నాయన్నావు. బాత్రూం కుళాయిలకు తెల్లగా గడ్డకడుతోందన్నావు. ఇక చివర్లో ఒక్క ముక్క రాశావు: పోర్టికో స్లాబు కింద రెండు చోట్ల పెచ్చులూడాయి, మేస్త్రీ సిమెంట్ పూసేస్తానన్నాడు, వచ్చే ఏడు పైన ఇంకో అంతస్తు వేద్దామనుకుంటున్నాం అని.

నేను ఆ చివరి ముక్కతోనే మొదలుపెడతా. గ్రిల్ పాడైతే వెల్డింగ్ షాపుకు ఫోన్ చేస్తే వారంలో కొత్తది వస్తుంది. స్లాబులో ఊచ పాడైతే ఎవరికి ఫోన్ చేసినా కొత్తది రాదు. నేను వెల్డింగ్ షాపులో హెల్పర్‌గా చేరి, తర్వాత డిప్లొమా చదివి, నెల్లూరుకీ ఒంగోలుకీ మధ్య సైట్ల మీదే బతికినవాణ్ణి. ఈ తీరంలో జనం కనిపించే ఇనుముకు పెట్టే ఖర్చులో సగం కూడా కనిపించని ఇనుముకు పెట్టరు. నా బాధంతా అదే.

ముందు తుప్పు ఎట్లా పడుతుందో రెండు మాటల్లో చెప్తా, తర్వాతివన్నీ దాన్నిబట్టే అర్థమవుతాయి. ఇనుముకు తుప్పు పట్టాలంటే నీళ్లూ కావాలి, గాలిలోని ఆక్సిజనూ కావాలి. రెంటిలో ఏది లేకపోయినా పట్టదు. మరి ఉప్పు చేసే పనేంది? తుప్పు పట్టడమంటే అది చిన్న కరెంటు పని. ఒకే ఊచ మీద ఒక చోట ఇనుము కరుగుతుంటే పక్క చోట ఆక్సిజన్ ఖర్చవుతుంటుంది, రెంటి మధ్యా కరెంటు పారుతుంటుంది. చెమ్మలో ఉప్పు కలిస్తే ఆ కరెంటు సులువుగా పారుతుంది. ఇంకో పని కూడా ఉంది, మన తీరంలో అదే పెద్దది: ఉప్పు చెమ్మను ఆరనివ్వదు. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, దానంతటదే నీరు కారుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది అంతకన్నా చాలా తక్కువ తేమకే నీళ్లు పీలుస్తుంది. ముసురు పట్టినప్పుడు వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చడం అందరం చూసిందే. మీ గ్రిల్ మీద కంటికి కనపడని ఉప్పు పొర ప్రతి రాత్రీ అదే చేస్తోంది. నువ్వు వానలేదు కదా, ఎండగానే ఉంది కదా అనుకుంటున్నావు. ఇనుము మాత్రం తడిగానే ఉంది.

దీన్నిబట్టి ఒక తమాషా సంగతి తెలుస్తుంది. రేపు పొద్దున ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడు. వానకు నేరుగా తడిసే గ్రిల్ కంటే సజ్జ లోపలికి ఉండి వాన తగలని గ్రిల్ ముందు పాడై ఉంటుంది. గేటు ముందువైపు కంటే వెనకవైపు, పైప్ పైభాగం కంటే అడుగుభాగం ఎక్కువ తిని ఉంటుంది. వాన ఉప్పును కడిగేస్తుంది కాబట్టి. వాన తగలని చోట ఏళ్ల తరబడి ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. అందుకే ఉప్పు బయట ఉన్నంతసేపూ దానికి మందు మంచినీళ్లే. లోపలికి, అంటే కాంక్రీటులోకి పోతే కడగడానికి మార్గం లేదు. అక్కడికి పోకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

నాలుగైదు కిలోమీటర్ల దూరానికి సముద్రపు తుంపర ఏం వస్తుందిలే అని మీ మేస్త్రీ అని ఉంటాడు. కొంతవరకు నిజమే. గాలిలో వచ్చే ఉప్పులో ఎక్కువ భాగం ఒడ్డు దగ్గరే రాలిపోతుంది, మధ్యలో సరుగుడు తోటలుంటే ఇంకా తగ్గుతుంది. కానీ మన వైపు ఉప్పు సముద్రం నుంచే రానక్కర్లేదు. ఇస్కపల్లి వైపు ఉప్పు కొఠార్లున్నాయి. చుట్టూ రొయ్యల చెరువులు, వాటిలో రాత్రింబవళ్లు ఏరియేటర్లు ఉప్పునీళ్లు చిమ్ముతుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, మీ బోరు. గ్రిల్స్ కడుగుతున్నామని రాశావే, ఏ నీళ్లతో కడుగుతున్నారు? ఉప్పు బోరు నీళ్లతోనైతే కడిగిన ప్రతిసారీ ఇంకో పొర ఉప్పు పూసినట్టే. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని వాటితో కడిగేవాళ్లు కూడా ఉన్నారు. అవి బోరు నీళ్ల కంటే ఇంకా చిక్కటి ఉప్పునీళ్లు. పంచాయతీ కుళాయి నీళ్లు, లేదా వాన నీళ్లు పట్టుకున్నవి, వాటితోనే కడగాలి.

ఇప్పుడు స్లాబు.

కొత్త కాంక్రీటు గట్టి క్షారం, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఊచ మీద కంటికి కనపడని పలచటి పొర ఏర్పడుతుంది, ఆ పొర ఉన్నంతకాలం ఊచకు తుప్పు రాదు. ఆ పొర రెండు దారుల్లో పోతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా లోపలికి దిగి క్షారాన్ని చంపుతుంది. లేదా ఉప్పులోని క్లోరైడ్ ఊచ దాకా చేరి పొరకు చిల్లులు పెడుతుంది. మన వైపు రెండోది ఎక్కువ. ఒకసారి తుప్పు మొదలైతే, అది ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు లాగుడుకు తట్టుకోలేదు. ముందు ఊచ వెంబడి సన్నటి గీతలాగా పగులు వస్తుంది, తర్వాత గోధుమరంగు మరక, ఆపైన పెచ్చు. నువ్వు చూసింది మూడో దశ.

మేస్త్రీ చెప్పినట్టు ఊడిన చోట సిమెంట్ పూస్తే ఏమవుతుందో చెప్తా. ఏడాదిలో ఆ పూత ఊచతో సహా వేలాడుతుంది, అది మొదటిది. రెండోది చాలామంది ఇంజనీర్లు కూడా పట్టించుకోరు. కొత్త పూత పడిన చోట ఊచకు రక్షణ దొరుకుతుంది, ఆ పక్కనే పాత ఉప్పు కాంక్రీటులో ఉన్న ఊచ భాగం ఇప్పుడు కరగడం మొదలుపెడుతుంది. అందుకే అతుకు చుట్టూ కొత్తగా పెచ్చులు రావడం చూస్తుంటాం. "అన్నా, అతుకేసిన చోట బాగానే ఉంది, పక్కన పోయింది" అంటారు. పక్కన పోవడానికి అతుకే కారణం.

సరైన పని ఇట్లా ఉంటుంది. ముందు పోర్టికో స్లాబు మొత్తం అడుగున చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. గట్టి కాంక్రీటు టంగుమంటుంది, లోపల విడిపోయిన చోట బోలుగా వినిపిస్తుంది. బోలు పలికిన చోటల్లా చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. నువ్వు రెండు చోట్లే అనుకుంటున్నావు, తడితే ఆరేడు చోట్ల దొరికినా ఆశ్చర్యపోను. ఆ భాగాలన్నీ చెక్కేయాలి, ఊచ కనిపించేదాకా కాదు, ఊచ వెనక వేలు దూరేదాకా. ఊచను వైర్ బ్రష్‌తోనో, గ్రైండర్‌కు కప్ బ్రష్ తగిలించో తెల్లగా మెరిసేదాకా తుడవాలి. ఊచ బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్త ఊచ కలపాలి. అది ఎక్కడ, ఎంత పొడవు అనేది ఇంజనీరే చెప్పాలి. తర్వాత ఊచకు జింక్ ఉన్న ఎపాక్సీ ప్రైమర్, పాత కాంక్రీటుకు బాండింగ్ కోటు, దానిమీద పాలిమర్ కలిపిన మోర్టార్. లోతు ఎక్కువుంటే సెంట్రింగ్ కట్టి మైక్రో కాంక్రీటు. ఈ పని మామూలు ప్లాస్టరింగ్ మేస్త్రీ చేసేది కాదు. రిపేరు పనులు తెలిసినవాళ్లు నెల్లూరులో, ఒంగోలులో దొరుకుతారు. ఎక్కువ అడుగుతారు, ఇవ్వు.

పై అంతస్తు విషయానికొస్తే, ఈ పరీక్షలు అయ్యేదాకా ప్లాను గీయించొద్దు. కాంక్రీటు చెక్కిన తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారం బతికి ఉన్న మేర గులాబీ రంగు వస్తుంది, చచ్చిన మేర రంగు రాదు. చూస్తుండగానే తేలిపోయే పరీక్ష ఇది, చవక కూడా. పిల్లర్ల దగ్గర డ్రిల్లుతో పొడి తీసి క్లోరైడ్ పరీక్షకు పంపాలి. ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణాల పుస్తకం, 2000 నాటిది) ప్రకారం ఊచలున్న కాంక్రీటు పోసేనాటికి ఒక ఘనపు మీటరులో క్లోరైడ్ 0.6 కిలోలు దాటకూడదు. ఇంకా అనుమానముంటే హాఫ్ సెల్ పరీక్ష ఉంది, ఊచ దగ్గర వోల్టేజీ కొలిచి తుప్పు నడుస్తోందో లేదో అంచనా వేసేది. కాపర్ సల్ఫేట్ సెల్‌తో చూసినప్పుడు మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే, అక్కడ ఊచకు తుప్పు నడుస్తోందని 90 శాతం పైగా అనుకోవచ్చు. పోర్టికో ఒక్కటే పాడైతే ఒక సంగతి. పిల్లర్ల మూలల్లో నిలువుగా పగుళ్లుంటే ఆ ఇంటి మీద ఇంకో అంతస్తు మాట నేను ఒప్పుకోను, ఎవరు సంతకం పెట్టినా సరే.

పై అంతస్తు కోసమని డాబా మీద పిల్లర్ ఊచలు వదిలే ఉంటారు కదా, మన ఊళ్లలో ప్రతి ఇంటి మీదా కనపడేవే. పన్నెండేళ్లుగా ఉప్పు గాలికి నిలబడ్డాయి. వాటిని చూసి భయపడే ముందు, అవి స్లాబులోంచి బయటికొచ్చే మొదలు దగ్గర చూడు. నీళ్లు నిలిచేది అక్కడే, సన్నబడేది అక్కడే. పైకి లావుగా కనిపించినా సుత్తితో కొడితే పొరలు పొరలుగా రాలి, లోపల ఊచ సన్నగా బయటపడుతుంది. పొరలూడని ఎర్రటి పలచటి తుప్పైతే బ్రష్ కొట్టి, మంచినీళ్లతో కడిగి వాడుకోవచ్చు. పొరలూడేదైతే కోసేసి, గట్టి కాంక్రీటులో రంధ్రం చేసి రసాయనంతో కొత్త ఊచ నాటాలి. ఇక ముందు ఊచలు వదలాల్సి వస్తే వాటి చుట్టూ పలచ కాంక్రీటు దిమ్మ పోసి పెట్టమను. అవసరమైనప్పుడు పగలగొట్టుకోవచ్చు. సిమెంటు పాలు పూసి వదిలేస్తుంటారు, అది రెండు వానలకు కూడా నిలవదు.

కొత్తగా పోసే కాంక్రీటుకు నీళ్లు, ఇసుక, సిమెంటు, కవరు, ఈ నాలుగూ చూసుకో.

నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే ఊచలున్న కాంక్రీటుకు వాడకూడదని ఐఎస్ 456 చెప్తుంది. ఊచలు లేని ఉత్త కాంక్రీటుకైతే 2000 దాకా ఒప్పుకుంటుంది. సముద్రపు నీళ్లలో సుమారు 19,000 ఉంటుంది. చేతిలో పెట్టుకుని చూసే టీడీఎస్ పెన్ను మొత్తం లవణాలు చూపిస్తుందే తప్ప క్లోరైడ్ విడిగా చెప్పదు. అందుకని సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులోనో, దగ్గర్లో సివిల్ బ్రాంచి ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలోనో పరీక్ష చేయించు. బోరు ఉప్పదని తేలితే ట్యాంకరు తెప్పించు. స్లాబు పోసే రోజు ట్యాంకరు తెప్పిస్తారు గానీ క్యూరింగ్‌కు మాత్రం బోరు మోటారు వేసేస్తారు. పచ్చి కాంక్రీటు నీళ్లు పీలుస్తుంది, వాటితోపాటు ఉప్పునూ. ఎండకు నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. రోజూ తడుపుతుంటారు కాబట్టి రోజూ కొంచెం చేరుతుంది.

పెన్న ఇసుక మంచిదే. కానీ ఏ నది ఇసుకైనా సముద్రం పోటు ఎక్కేచోట తీస్తే ఉప్పుంటుంది. పెన్నకైనా, మన్నేరుకైనా, గుండ్లకమ్మకైనా ఇదే లెక్క. లారీ వాడు ఎక్కడ నింపుకొచ్చాడో అడుగు. అనుమానమైతే గుప్పెడు ఇసుకను మంచినీళ్లలో కలిపి తేర్చి ఆ నీళ్లనే క్లోరైడ్ పరీక్షకు పంపొచ్చు.

సిమెంటు దగ్గర ఒక పొరపాటు విస్తారంగా జరుగుతోంది. ఉప్పు నేలకు ఎస్ఆర్‌సీ వాడండి అని కొట్టువాళ్లు అమ్ముతున్నారు. అది సల్ఫేట్లను తట్టుకోవడానికి చేసిన సిమెంటు. మన సమస్య క్లోరైడ్. ఎస్ఆర్‌సీలో క్లోరైడ్‌ను పట్టి ఉంచే భాగం తక్కువ కాబట్టి ఊచ దాకా ఉప్పు ఇంకా తొందరగా చేరొచ్చు. తీరంలో ఇంటికి స్లాగు సిమెంటు (ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం కలిపినది), అది దొరక్కపోతే ఫ్లైయాష్ కలిసిన పీపీసీ మేలు. రెండూ కొంచెం నెమ్మదిగా గట్టిపడతాయి, క్యూరింగ్ రోజులు తగ్గించొద్దు, సెంట్రింగ్ తొందరపడి విప్పొద్దు.

ఊచకూ కాంక్రీటు బయటి ముఖానికీ మధ్య ఉండే మందం, అదే కవరు. సముద్రపు గాలికి తెరిచి ఉన్న కాంక్రీటుకు ఐఎస్ 456 అడిగేది 45 మిల్లీమీటర్లు, కాంక్రీటు బలం గ్రేడు కనీసం ఎం30. ఉప్పుగాలి నేరుగా తగలని లోపలి భాగాలకు 30 మిల్లీమీటర్లు, ఎం25. మన సైట్లలో జరిగేదేంది? ఊచల కింద కంకర రాయి ముక్క పెడతారు, పైన మనుషులు నడిస్తే అది జారిపోతుంది, ఊచ పోయి సెంట్రింగ్ రేకును తాకుతుంది. ఆ చోట కవరు సున్నా. పోర్టికో పెచ్చులూడిన చోట ఊచకూ పైపూతకూ మధ్య ఎంత మందం ఉందో స్కేలు పెట్టి చూడు, నీకే తెలుస్తుంది. కవర్ బ్లాకులు కొనుక్కో, లేకపోతే అదే కాంక్రీటుతో ముందే పోయించుకో. బస్తాకు పోసే నీళ్లు కూడా కొలిచి పోయించు. ఎం30కి నీరు, సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకు ఇరవై రెండున్నర లీటర్లు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. పని సులువుగా సాగడానికి కూలీలు ఇంకో బకెట్ కొడతారు. ఆ నీళ్లు ఆరిపోయాక మిగిలే సన్నటి రంధ్రాల్లోంచే రేపు ఉప్పు లోపలికి పోయేది. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ కలపమను, నీళ్లు కాదు.

ఈ లెక్కన పెట్టిన డబ్బు కంటికి కనపడదు. అందుకే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, పిట్టగోడ మీద స్టీలు పైపులంటే ఒప్పుకుంటారు.

స్టీలు పైపుల మాట వచ్చింది కాబట్టి రెయిలింగ్ సంగతి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టనిదని కాదు. దానిలో ఉన్న క్రోమియం గాలి తగలగానే పైన పలచటి పొర కట్టి కాపాడుతుంది. మళ్లీ క్లోరైడే ఆ పొరకు శత్రువు. బజార్లో రెయిలింగ్‌కు ఎక్కువగా వచ్చేది 202 రకం, నికెల్ తగ్గించి మాంగనీసు పెంచినది. దాని పైది 304, 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటుంది. సముద్రం పక్కకు పనికొచ్చేది 316, దానిలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి. షాపువాడు అయస్కాంతం పెట్టి "చూడన్నా, అంటుకోవడంలేదు, ఒరిజినల్ 304" అంటాడు. 202 కూడా అంటుకోదు. అయస్కాంతంతో తేలేది కాదది. చుక్క వేస్తే రంగు మారే పరీక్ష మందు దొరుకుతుంది, బిల్లు మీద గ్రేడు రాయించుకోవడం అంతకన్నా ముఖ్యం.

అయితే నీ రెయిలింగ్ ఏ గ్రేడైనా ఒక ప్రశ్న అడుగుతా. మచ్చలు మొదలైంది ఎప్పుడు? గ్రానైటు, టైల్స్ పని అయ్యాక నేల యాసిడ్‌తో కడిగారా? చీమకుర్తి గ్రానైటు పరిచి, మరకలు పోవడానికి యాసిడ్ చల్లి కడగడం మన దగ్గర రివాజు. ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్, దాని పొగ నిండా క్లోరైడే. తలుపులు మూసి కడిగితే ఒక్క రాత్రిలో రెయిలింగ్, కుళాయిలు, తలుపు బందులు, తాళాలు అన్నిటికీ ఎర్ర మచ్చలు వస్తాయి. బాత్రూంలో నెలనెలా యాసిడ్ పోసే ఇళ్లలో కూడా ఇదే కథ. సముద్రం చెయ్యని పని యాసిడ్ చేస్తుంది. ఇంకో కారణం, దగ్గర్లో ఇనుము కోసినప్పుడు గ్రైండర్ రవ్వలు రెయిలింగ్ మీద పడి అంటుకోవడం. అవి మామూలు ఇనుము, అవి తుప్పు పడితే రెయిలింగే పట్టిందనిపిస్తుంది. గిన్నెలు తోమే ఇనుప పీచుతో రుద్దితే కూడా పీచు ముక్కలు మిగిలి తుప్పు పడతాయి.

మచ్చలు పలచగా ఉంటే సబ్బు నీళ్లు, మెత్తటి పచ్చ స్క్రబ్బర్, పైపు మీద సన్నటి గీతలు ఎటు ఉంటే అటే రుద్దడం, చివర మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవడం. చాలావరకు పోతాయి. అతుకుల దగ్గర మాత్రం మళ్లీ మళ్లీ వస్తే అది వెల్డింగ్ లోపం. వెల్డింగ్ వేడికి నీలం, గోధుమ రంగు వచ్చిన పొరను పికిలింగ్ పేస్టు పెట్టి తీసేయాలి. మనవాళ్లు బఫ్ కొట్టి మెరిపించి వదిలేస్తారు.

ఇక గ్రిల్స్. రెండేళ్లకోసారి పెయింట్ వేయిస్తున్నావు, మంచిదే, కానీ ఎట్లా వేస్తున్నారు? గరుకు కాగితంతో నాలుగు రుద్దులు, పైన ఎనామెల్. తుప్పు పెయింటు కింద అట్లాగే ఉంది, తుప్పు గుంటల్లో ఉప్పూ అట్లాగే ఉంది. పైన వేసిన పెయింటు ఆ రెంటికీ మూత మాత్రమే. సరైన వరస ఏమిటంటే, బ్రష్‌తో తుప్పు రాల్చి, తర్వాత మంచినీళ్లతో బాగా కడిగి, ఆరనిచ్చి, మళ్లీ బ్రష్ కొట్టి, అదే రోజు ప్రైమర్ వేయాలి. కడగడం అనే మాట వినగానే పెయింటర్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ ఒక్క పని చేస్తే పెయింటు ఆయుష్షు బాగా పెరుగుతుంది.

మన దగ్గర పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, సముద్రపు గాలి తిరిగే మధ్యాహ్నంలోపు ప్రైమర్ పని అయిపోవాలి. సాయంత్రం శుభ్రం చేసి పెట్టుకుని రేపు ప్రైమర్ వేద్దాం అంటే రాత్రికి రాత్రే ఉప్పు చెమ్మ ఎక్కుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ పనికి మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానలు, అప్పుడు పెయింటు పని పెట్టుకోవద్దు.

ప్రైమర్ విషయంలో, చవక రెడ్ ఆక్సైడ్ రంగు చూపిస్తుందే తప్ప పెద్దగా కాపాడదు. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ అడుగు. గట్టిగా చేయించాలంటే రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద ఎండకు తట్టుకునే పాలీయూరిథేన్ పూత. ఎపాక్సీ ఒక్కటే వదిలేస్తే ఎండకు సుద్దలాగా పొడి రాలుతుంది. అంచులకు, మూలలకు, వెల్డింగ్ అతుకులకు ముందుగా ఒక చుట్టు బ్రష్‌తో పూసి, ఆ తర్వాత మొత్తం వేయాలి. తడి పెయింటు అంచుల మీద నిలవదు, పలచబడుతుంది. తుప్పు ఎప్పుడూ అంచు నుంచే మొదలయ్యేది అందుకే.

గ్రిల్ డిజైను కూడా సగం కారణం. పట్టీ మీద పట్టీ వేసి నాలుగు చుక్కలు వెల్డింగ్ పెడితే ఆ రెంటి మధ్య సందులోకి బ్రష్ పోదు, నీళ్లు మాత్రం పోతాయి. కొత్తవి చేయించేటప్పుడు సందు లేకుండా పూర్తిగా వెల్డింగ్ వేయించు. బోలు పైపులకు మూతలు పెట్టించు, అడుగున చిన్న రంధ్రం వదిలించు. కిటికీ దిమ్మలోకి దిగే చోట సిమెంటుకూ ఇనుముకూ మధ్య గీత పడి నీళ్లు నిలుస్తాయి, అక్కడ సీలెంటు పెట్టించు. పువ్వులు, నెమళ్లు తగ్గించు. ఎన్ని వంపులుంటే ఉప్పుకు అన్ని ఇళ్లు.

కొత్త గేటుకు డబ్బు పెట్టగలిగితే హాట్ డిప్ గాల్వనైజింగ్ చేయించు. కరిగిన జింకులో ముంచి తీసేది అది. గీత పడినా చుట్టూ ఉన్న జింకు తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది, పెయింటుకు ఆ గుణం లేదు. దానిమీద మామూలు ఎనామెల్ నేరుగా వేస్తే పొక్కులుగా ఊడిపోతుంది, జింకుకు పనికొచ్చే ప్రైమర్ ముందు వేయాలి. జీఐ పైపులు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపులు, తెచ్చి వెల్డింగ్ చేయించేవాళ్లు అతుకుల దగ్గర జింకు కాలిపోయిందని గుర్తుపెట్టుకుని అక్కడ జింకు ఎక్కువున్న పెయింటు పూయించాలి. వెల్డింగ్ కుర్రాడికి కూడా చెప్పు, జింకు కాలినప్పుడు వచ్చే తెల్లపొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. గాలి తగిలేచోట చేయమను.

కుళాయిల మీద తెల్లది తుప్పు కాదు, నీళ్లలోని సున్నం. కనిగిరి, పొదిలి వైపు సముద్రం లేకపోయినా ప్రతి ఇంట్లో ఇదే. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచి తుడిస్తే పోతుంది. యాసిడ్ వద్దు, క్రోమ్ పూత లేచిపోతుంది. ఆకుపచ్చగా చిలుము కనిపిస్తే మాత్రం పూత పోయి లోపలి ఇత్తడి బయటపడిందని అర్థం. ఇత్తడి కుళాయిని నేరుగా జీఐ పైపుకు బిగించిన చోట పైపు మరలు ముందు పోతాయి, రెండు వేరు లోహాలు తడిలో కలిస్తే తక్కువ జాతిది కరుగుతుంది. లోపలి లైన్లకు సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేసుకుంటే ఈ గొడవ లేదు.

గీజర్‌లో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు బదులు అది కరగడానికే పెట్టింది. ఉప్పు నీళ్లకు తొందరగా అయిపోతుంది. ఏడాదికోసారి సర్వీసు వాడితో విప్పించి చూడు, తీగ బయటపడితే మార్చు. ఏసీ బయటి యూనిట్‌ను సముద్రం వైపు గోడకు పెట్టొద్దు, వేసవిలో నెలకోసారి కరెంటు ఆపి మంచినీళ్లు మెల్లగా పోయించు. ఇన్వర్టర్ బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, నీలంగా పేరుకున్నదాన్ని కనెక్షన్ తీసి తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక బిగించి పైన వాజలైన్ పూయాలి. సోడా నీళ్లు సెల్లుల్లోకి పోకుండా మూతలు బిగించే కడుగు.

ఎర్తింగ్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి జీఐ పైపు దింపడం పాత పద్ధతి. ఆ ఉప్పే పైపును తినేస్తుంది. ఎర్తింగ్ పైపు లోపల తెగిపోతే ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, షాకు కొట్టినప్పుడే తెలిసేది. పన్నెండేళ్ల ఇల్లు కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ రెసిస్టెన్సు చూపించు. మార్చాల్సి వస్తే రాగి పూత కడ్డీ, బెంటొనైట్ మట్టి వేయించు. మీ నేలకు ఉప్పు కలపాల్సిన అవసరం ఎట్లాగూ లేదు.

నీ జవాబులో మూడు రాయి. బోరు నీళ్ల క్లోరైడ్ ఎంత వచ్చింది, సుత్తితో తట్టినప్పుడు పోర్టికోలో కాకుండా ఇంకెక్కడైనా బోలు పలికిందా, పిల్లర్ల మూలల్లో నిలువు పగుళ్లున్నాయా. పోర్టికో అడుగున ఊచ కనిపిస్తున్న చోట పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో కూడా పెట్టు. అంతవరకు మేస్త్రీ చేత సిమెంటు పూయించొద్దు, ఆ పెచ్చుల కింద కారు కూడా నిలపొద్దు.